ఉద్దానం కిడ్నీ రోగులకు ఆసుపత్రి సొసైటీలో చోటు కల్పించాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో 31 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా తమ్ముడు 2019 నుంచి డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి మూడు రోజులు అతన్ని ఆసుపత్రికి తీసుకువెళ్లి తిరిగి ఇంటికి తెచ్చే పనిని నేనూ మా మరదలూ పంచుకుంటున్నాం. ఏటా మార్చి నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం వస్తుంది. ఆ వారమంతా పత్రికల్లో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం కనిపిస్తుంది. ఆ తరువాత రోగి ఇంట్లో, ఆసుపత్రి వరండాలో ఏం జరుగుతోందో అడిగేవారు అరుదు. ఆ విషయాలే మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

జరిగిన మేలును ముందుగా చెప్పుకోవడం ధర్మం. ఒకప్పుడు మా ఊళ్ల వాళ్లకు డయాలసిస్ అంటే శ్రీకాకుళం వెళ్లాలి, అక్కడ కాదంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా రైల్లో కూర్చుని విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ చేరుకోవాలి. జీడితోటలు అమ్ముకుని వైద్యం చేయించుకున్నవారినీ, దారిఖర్చులకు లేక మధ్యలో మానేసి నెల తిరగకుండానే పోయినవారినీ నేను ఎరుగుదును. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడిన తరువాత మా జబ్బు సంగతి రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా వంశధార నీటిని ఉద్దానం పల్లెలకు అందించే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా అదే రోజు ప్రారంభించారు. సోంపేట, కవిటి, హరిపురం వంటి దగ్గరి ఊళ్లలోనే డయాలసిస్ యంత్రాలు వచ్చాయి. డయాలసిస్ చేయించుకునే రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. వీటికి మేం కృతజ్ఞులం.

ఇప్పుడు మేం అడుగుతున్నది కట్టడమూ కాదు, యంత్రమూ కాదు. ప్రతి డయాలసిస్ కేంద్రంలోనూ రోగులు, వారికి తోడుగా వచ్చేవారు కలిసి ఏర్పరచుకున్న సంఘానికి గుర్తింపు ఇవ్వాలి. ఆ సంఘం నుంచి ఒక రోగికీ, రోగిని కనిపెట్టుకుని ఉండే మరొకరికీ, ఆసుపత్రి నిర్వహణ సంగతులు చూసే ఆసుపత్రి అభివృద్ధి సొసైటీలో స్థానం కల్పించాలి. వినడానికి ఇది చిన్న కోరికే. ఎందుకు అడుగుతున్నామో తెలియాలంటే మా ఇంటి వంటగది నుంచి మొదలుపెట్టాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. రోగికి ఆ పనిని యంత్రం నాలుగు గంటల చొప్పున మూడుసార్లు, అంటే 12 గంటలు మాత్రమే చేసిపెడుతుంది. మిగిలిన 156 గంటలు రోగి ఏం తిన్నాడు, ఎంత తాగాడు అన్న దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఉద్దానం అంటే ఉద్యానవనం అని పెద్దలు చెబుతారు. కొబ్బరి, పనస, జీడి మాకు అన్నం పెట్టిన పంటలు. డయాలసిస్ రోగికి కొబ్బరి నీళ్లూ, పనస తొనలూ పొటాషియం వల్ల పనికిరావు, జీడిపప్పు పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ వల్ల కూడా పనికిరాదు. పొటాషియాన్ని బయటకు పంపవలసిన కిడ్నీ పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుపోతుంది, మోతాదు మించితే గుండె ఆగిపోతుంది. తోటలో పుట్టి, తోటలోనే పెరిగి, చేతులారా కొబ్బరి దింపు తీసిన మనిషికి ఇంటి ముందున్న చెట్టు కాయే విషమైతే ఆ బాధ ఎలా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను.

మా తమ్ముడికి డయాలసిస్ మొదలైన తొలి వేసవిలో మా మేనత్త చూడవచ్చి, ఎండకు వాడిపోయాడని ప్రేమకొద్దీ ఒక బొండాం కొట్టి ఇచ్చింది. చాలినంత తీయగా ఉందని రెండోదీ తాగాడు. ఆ సాయంత్రానికి కాళ్లు చచ్చుబడినట్లయి లేవలేకపోయాడు. పక్కింటివారి కారు దొరకబట్టి సమయానికి చేర్చాం కాబట్టి మనిషి దక్కాడు. మా మేనత్త ఆ సంగతి తలుచుకుని ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమె తప్పేముంది? వడదెబ్బకు కొబ్బరి నీళ్లను మించిన మందు లేదని పుట్టినప్పటి నుంచీ విన్నాం, నేను తరగతిలో పిల్లలకూ అదే చెప్పాను. ఇది కూడదని మాకు ఎవరూ మా భాషలో చెప్పలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఆహార పట్టిక ఇంగ్లీషులో ఉంది. దానిలో బ్రోకలీ, రాజ్మా ఉన్నాయి కానీ చోడి (రాగి) అంబలి, పనస పొట్టు కూర, ఎండుచేప లేవు. తాగే నీళ్లు రోజుకు లీటరు దాటకూడదన్నారు. అంబలి, మజ్జిగ, చారు కూడా ఆ లీటరు లెక్కలోకే వస్తాయని తెలియక మొదటి మూడు నెలలూ ప్రతిసారీ ఒంట్లో నీరు పట్టి ఆయాసంతోనే వెళ్లాడు. ఉప్పు మానలేకపోతున్నాడని ఒక దుకాణంలో సోడియం తక్కువ ఉప్పు కొన్నాం. అలాంటి ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారని తరువాత తెలిసింది.

ఈ సంగతులన్నీ మాకు నేర్పినది వరండా. డయాలసిస్ గది బయట నాలుగేసి గంటలు కూర్చునే మేం పదిహేను, పదహారు మందిమి ఉంటాం. వజ్రపుకొత్తూరు వైపు నుంచి భర్తను తీసుకువచ్చే ఒక మత్స్యకార మహిళ, అక్షరం రాని మనిషి, కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి వార్చి వండితే పొటాషియం చాలా వరకు పోతుందని మా అందరికీ చెప్పింది. వలస పనికి చెన్నై వెళ్లినప్పుడు అక్కడి ఆసుపత్రిలో నేర్చుకుందట. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలను కలిపి వేసిన ఫిస్టులా పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే చూసుకోవాలనీ, వేళ్లు ఆనిస్తే తేనెటీగ రెక్కలాడించినట్లు జుమ్మనాలనీ, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదనీ, ఆ చేత్తో బరువులెత్తకూడదనీ మరొక రోగి చూపించాడు. మా తమ్ముడు ఇప్పుడు నిద్ర లేవగానే ఆ చేతిని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని వింటాడు. ఆ చప్పుడు వినిపించాకే ముఖం కడుక్కుంటాడు.

వరండాలో కూర్చున్న మా అందరి అనుభవాన్నీ కలిపి నేను ఒక పెద్ద అట్ట మీద బొమ్మలతో పట్టిక తయారు చేశాను. కొబ్బరి బొండాం, పనస తొనలు, అరటిపండు, టమాటా ఒక పక్క, తినదగినవి మరొక పక్క, నీళ్ల కొలతకు స్టీలు గ్లాసుల బొమ్మలు కింద. అక్కడి వైద్యుడికి చూపించి, ఆయన దిద్దిన తరువాతే గోడకు తగిలించాం. ఆరు వారాలు ఉంది. పైఅధికారులు తనిఖీకి వస్తున్నారని చెప్పి, అనుమతి లేని కాగితాలు గోడల మీద ఉండకూడదని దాన్ని తీయించారు. తిరిగి పెట్టనివ్వలేదు. తీసిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు, అతనికి వచ్చిన ఆదేశం అది. కానీ ఆ ఆసుపత్రిలో మాకు అధికారికంగా ఉనికే లేదన్న సంగతి ఆ రోజు మాకు అర్థమైంది. రోగి పేరు రిజిస్టరులో ఉంటుంది, యంత్రానికి నంబరు ఉంటుంది, వరండాలో కూర్చునేవారికి బెంచీ తప్ప మరేమీ లేదు.

మా మాట వింటే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. సాయంత్రం షిఫ్టు ముగిసేసరికి మా వైపు వెళ్లే చివరి బస్సు వెళ్లిపోయేది. యంత్రం మీద నుంచి దిగిన మనిషికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతూ ఉంటాయి. ఆ స్థితిలో ఆటోకు నాలుగు వందలు ఇచ్చి ఇంటికి రావలసి వచ్చేది. పదకొండు మందిమి సంతకాలు, వేలిముద్రలు వేసిన అర్జీ పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లాం. రెండు సోమవారాలు తిరిగాక ఒక అధికారి శ్రద్ధగా విని, అక్కడికక్కడే ఫోన్ చేసి బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరేటట్లు చేయించారు. ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. పదకొండు ఇళ్లలో వారానికి మూడు ఆటో చార్జీలు మిగిలాయి. ఈ సమస్య తెలియాలంటే వరండాలో కూర్చునే మనిషి సమావేశంలో ఉండాలి. షిఫ్టుల వేళలు నిర్ణయించేటప్పుడు మా బస్సుల సంగతి అడిగే మనిషి ఆ గదిలో లేకపోవడం వల్లనే అన్నాళ్లు ఆ తిప్పలు పడ్డాం.

తోడు వచ్చేవారి గురించి రెండు మాటలు. మా మరదలు కాశీబుగ్గలో జీడిపప్పు వొలిచే పనికి వెళ్లేది. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో గడపవలసి వచ్చాక యజమాని మరొకరిని పెట్టుకున్నాడు. పింఛను రోగి పేరు మీద వస్తుంది, అది మందులకూ ప్రయాణాలకూ సరిపోతే గొప్ప. ఇంట్లో కూలి డబ్బు ఒకటి కాదు, రెండు ఆగిపోతాయన్న సంగతి ఏ లెక్కలోనూ లేదు. అవయవదానం విషయానికి వస్తే, మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. తల్లో, భార్యో ఇస్తుంది. ఇచ్చిన తరువాత ఆమె ఆరోగ్యాన్ని ఏటేటా పరీక్షించే బాధ్యత ఎవరు తీసుకుంటున్నారో కూడా రోగుల సంఘాలే అడగాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. డయాలసిస్ దాకా రాని రోగికి పింఛను రావాలంటే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటకు పంపవలసిన వ్యర్థం) 5 దాటాలన్న నిబంధన పెట్టారు. మామూలుగా ఇది 1.2 లోపు ఉండాలి. కిడ్నీల పనిలో సగం దెబ్బతినే వరకు ఈ అంకె పెద్దగా కదలదు. 5 దాటేసరికి సాధారణంగా పదిహేను శాతం పని కూడా మిగలదు. అంటే కాపాడుకునే అవకాశం ఉన్న రోజులన్నిటిలోనూ ఆ మనిషికి ఏ ఆసరా లేదు. 2.5 ఉన్నవాడు ఎండలో కూలికి వెళ్లక తప్పదు. చెమటకు తగినన్ని నీళ్లు తాగడు, ఒళ్లు నొప్పులకు ఊళ్లో దొరికే నొప్పి బిళ్లలు మింగుతాడు, మిగిలిన కిడ్నీ వాటితో పాడవుతుంది. మా ఊళ్లో ఒక పెద్దాయన తన రిపోర్టు నా చేత చదివించుకుని, 4.6 అని చెప్పగానే, ‘ఇంకా పాయింట్ నాలుగు పెరగాలి కదమ్మా’ అన్నాడు. జబ్బు ముదరాలని మనిషి ఎదురు చూసేటట్లు చేసే నిబంధన మంచిది కాదు. ఈ దశలో పదివేలు ఇవ్వమని నేను అడగడం లేదు. 1.5 దాటిన దగ్గర నుంచీ మూడు నెలలకొకసారి రక్త పరీక్ష, బీపీ మందులు, నొప్పి బిళ్లల బదులు ఏం వాడాలో చెప్పే మనిషి, ఎండ పని మానుకోగలిగినంత చిన్న మొత్తం ఇస్తే చాలామందికి డయాలసిస్ ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది. ఖజానాకు కూడా అదే తేలిక.

ఇక్కడ పాఠకులకు ఒక వివరం చెప్పాలి. పట్టణాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువగా షుగరు, బీపీల వల్ల వస్తుంది. ఉద్దానంలో అవి రెండూ లేని నడివయసు రైతులకూ, కూలీలకూ వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండ దెబ్బ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా చాలావాటిని అనుమానిస్తున్నారు. ఈ రకం జబ్బులో తొలి రోజుల్లో కాళ్ల వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. అందువల్ల మూత్ర పరీక్షతో బయటపడదు, రక్తం పరీక్షించాలి. శ్రీలంకలోని అనురాధపురం ప్రాంతపు వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది.

పరిశోధకులు మా ఊళ్లకు చాలాసార్లు వచ్చారు. కేజీహెచ్ నెఫ్రాలజీ (కిడ్నీ వైద్య) విభాగంలో పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు ఎన్నో ఏళ్లు మా కోసం శ్రమపడ్డారు, వారికి మా ప్రాంతం రుణపడి ఉంది. అయితే రక్తం, మూత్రం, బావి నీళ్లు సీసాల్లో పట్టుకువెళ్లి, ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ రాని బృందాలూ ఉన్నాయి. నా చేతి నుంచే రెండుసార్లు రక్తం తీసుకున్నారు, నాకు ఒక్క కాగితమూ రాలేదు. నికరాగ్వాలో చిచిగల్పా అనే ఊరి చెరకు కూలీలు ఈ విషయంలో మాకు దారి చూపారు. జబ్బుపడిన మాజీ కూలీలు, చనిపోయినవారి భార్యలు 2008లో, తమ చక్కెర కంపెనీకి అప్పు ఇచ్చిన ప్రపంచ బ్యాంకు గ్రూపు ఫిర్యాదుల విభాగానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ తరువాత జరిగిన చర్చల్లో వారి సంఘం (దాని పేరు అసోచివిదా) ఆ చక్కెర కంపెనీకి ఎదురుగా సమాన హోదాతో కూర్చుంది. కారణాలు వెదికే బాధ్యతను బోస్టన్ విశ్వవిద్యాలయానికి అప్పగించడంలో ఆ సంఘం సమ్మతి కూడా తీసుకున్నారు, ఫలితాలను వారి ముందే పెట్టారు. రోగుల కుటుంబాలకు ఆహార సాయం కూడా ఆ చర్చల నుంచే వచ్చింది. ఆ ప్రాంతాల చెరకు తోటల్లో తరువాత కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి నియమంగా ఇవ్వడం మొదలైంది. కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా చేయగలిగిన పని అది. మా కొబ్బరి తోటల్లో, ఉపాధి హామీ పనుల్లో, ఇటుక బట్టీల్లో ఆ మూడూ ఎందుకు ఇవ్వలేం? పలాస పరిశోధన కేంద్రం చేసే ప్రతి అధ్యయనానికీ ఊళ్ల నుంచి ఒక సలహా బృందం ఉండాలనీ, ఫలితాన్ని తెలుగులో గ్రామసభలో చదివి వినిపించాలనీ కోరుతున్నాం.

మా పిల్లల పెళ్లిళ్ల మీద పడిన నీడ గురించి చెప్పడానికి నాకు మనసు రాదు. ఉద్దానం సంబంధమా అని వెనక్కి తగ్గినవారు ఉన్నారు. ఒక శుభకార్యంలో మా తమ్ముడికి విడిగా కాగితం గ్లాసు ఇచ్చారు, మిగిలినవారందరికీ స్టీలు గ్లాసులు. ఇది అంటుకునే జబ్బు కాదు. అతని పక్కన కూర్చుని భోజనం చేస్తే ఎవరికీ ఏమీ కాదు. అతను ఆ రోజు నుంచి శుభకార్యాలకు రావడం మానేశాడు.

తోటి మనుషులు తలుచుకుంటే ఎంత చేయగలరో కూడా మేం చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన రోజున దారులన్నీ చెట్లతో మూసుకుపోయాయి, కరెంటు పోయింది. మా వీధిలో డయాలసిస్ తప్పి రెండు రోజులైన ఒక రోగిని నులకమంచం మీద పడుకోబెట్టి, ముందు నలుగురు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతూ, వెనక నలుగురు మోస్తూ మా కుర్రాళ్లు జాతీయ రహదారి దాకా చేర్చారు. ఆ కుర్రాళ్లకు అతని ఇల్లు తెలుసు, అతని రోజు తెలుసు. అధికారుల దగ్గర అటువంటి జాబితా లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఏ ఊళ్లో ఎవరికి ఏ రోజు డయాలసిస్ ఉందో, ఎవరిని ముందుగా తరలించాలో తెలిపే జాబితా గ్రామ సచివాలయంలో సిద్ధంగా ఉండాలి. ఆ జాబితాను ప్రతి నెలా సరిచేసి ఇచ్చే పనిని రోగుల సంఘాలు జీతం లేకుండా చేస్తాయి. మా సంఘం తరఫున నేను ఆ మాట ఇస్తున్నాను.

చివరగా మీకొక విన్నపం. ఈ లేఖను దయచేసి శ్రీకాకుళం జిల్లా పేజీకే పరిమితం చేయకండి. ఎన్టీఆర్ జిల్లా ఎ. కొండూరు మండలం తండాల్లోనూ కిడ్నీ జబ్బుతో ఇలాగే కుటుంబాలు నలిగిపోతున్నాయి. వారి వరండాలోనూ మా వంటివారు కూర్చుని ఉంటారు, వారికి తెలిసినవి మాకు తెలియవు, మాకు తెలిసినవి వారికి తెలియవు. ఉద్దానం నుంచి చెన్నై, హైదరాబాదు, గుజరాత్ రేవులకు పనికి వెళ్లినవారిలో జబ్బు ఉందని చెబితే పని పోతుందని దాచుకున్నవారు ఉన్నారు. వారూ ఈ పత్రిక చదువుతారు. ఇంటికి వచ్చినప్పుడు ఒక్కసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని వారికి నా మాటగా చెప్పండి. మా దగ్గర తీసి పెట్టిన బొమ్మల పట్టిక ఇప్పటికీ భద్రంగా ఉంది. ఏ ఆసుపత్రి అధికారి అయినా తమ గోడ మీద పెట్టుకుంటామంటే మరొక ప్రతి గీసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా